వల, విల్లు, కనుమ: తెలుగు వృత్తిపదముల నిర్వచనముపై ఒక విమర్శ

భాషలోని మాటలలో కావ్యములందు నిలిచినవి కొన్ని, పనిలో నిలిచినవి కొన్ని. మొదటివానికి వ్యాఖ్యాతలు కలరు. రెండవవానికి పని చేయువారే వ్యాఖ్యాతలు. చేపలవేట, విలువిద్య, భూగోళము అను మూడు రంగముల వాడుకపదములు ఈ రెండవ తెగకు చెందినవి. వీనిని మన నిఘంటువులును, పాఠ్యగ్రంథములును, పత్రికలును ఎట్లు ఆదరించినవో పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. తెలుగునాట నుండువారికి ఇది పండితచర్చ కావచ్చును. తరతరములుగా ఇతర రాష్ట్రములందు నివసించుచున్న మనకు అట్లు కాదు. ఇల్లు దాటగనే మరియొక భాష వినబడుచోట, మాటపై సంశయము కలిగిన పిల్లవానికి నిఘంటువే దిక్కు. అది వస్తువును చూపలేనిచో ఆ మాట పెద్దలతోనే ముగిసిపోవును.

మన నిఘంటువులలో ఒక లోపము చిరకాలముగా నున్నది. చెట్టు పేరు వచ్చినచో 'వృక్షవిశేషము' అనియు, చేప పేరు వచ్చినచో 'మత్స్యవిశేషము' అనియు వ్రాసి విడుచుట తరచు కానవచ్చును. అది చేప యని చదువరికి తెలియును. ఏ చేపయో తెలియదు. ఇట్టి నిర్వచనమువలన కలుగు నష్టమును 'పులస' అను మాటను బట్టి గ్రహింపవచ్చును. సముద్రములో నున్నంతకాలము ఆ చేప ఇలస. వరదల వేళ గ్రుడ్లు పెట్టుటకై గోదావరి కెదురీది మంచినీటిలోనికి వచ్చిన పిమ్మట అదియే పులస. జీవశాస్త్రమున జాతి యొక్కటే, తెలుగున పేర్లు రెండు. యానాములో చేప కొనువానికి ఈ భేదము ధర చెప్పగనే తెలియును. నీరు, ఋతువు, రుచి మూడును ఇమిడియున్న మాటను 'మత్స్యవిశేషము' అని సరిపుచ్చుట నిర్వచనము కానేరదు.

భూగోళపదముల విషయమున లోపము నిర్వచనమున కాక అనువాదమున నున్నది. 'కనుమ' యనగా రెండు కొండల నడుమ దారి. తమిళమునందలి 'కణవాయ్' అనుమాటకును అదియే అర్థము. మహారాష్ట్రమున 'ఘాట్' అనునదియు కొండదారియే. పూనాకు పోవు బోర్‌ఘాట్ దానికి నిదర్శనము. ఆంగ్లేయులు ఆ దారి పేరును కొండల వరుస కంతటికిని తగిలించిరి. మన పాఠ్యగ్రంథకర్తలు వస్తువును చూడక మాటను మాత్రము చూచి 'తూర్పు కనుమలు', 'పడమటి కనుమలు' అని తెనిగించిరి. తత్ఫలితముగా నేడు పాలక్కాడు కనుమను గూర్చి చెప్పవలసివచ్చినపుడు, కనుమలలో ఒక కనుమ యని చెప్పవలసివచ్చుచున్నది. తమిళులు పడమటి వరుసను 'మేఱ్కుత్ తొడర్చ్చి మలై', అనగా పడమటి కొండలబారు, అని వస్తువును బట్టి పేర్కొనిరి. తమిళనాటి తెలుగు బాలుడు ఈ రెండు పేర్లను ప్రక్కప్రక్కన చదివినచో ఏది సూటియో తానే తెలిసికొనగలడు.

సంస్కృతపదము లన్నియు త్యాజ్యములని నా వాదము కాదు. అక్షాంశము, రేఖాంశము వంటివి లేనిదే శాస్త్రము సాగదు. కాని 'లంక' యుండగా ఏటినడుమ మెరకను గూడ 'ద్వీపము' అనుట ఏల? లంక వరదకు మునుగును, వరద తీసిన పిదప పంటకు వచ్చును. లంకపొగాకు పేరే అందుకు సాక్షి. సముద్రద్వీపమున కా గుణము లేదు. ఏరు కడలిలో కలియు తావు 'మొగ'. కాకినాడలోని జాలరిపేట కొకదానికి ఏటిమొగ యనియే పేరు. 'నదీముఖద్వారము' అను దీర్ఘసమాసము దానికన్న అధికముగా చెప్పున దేమియు లేదు. పోటు, పాటు అను రెండు మాటలు మాత్రము అదృష్టవశమున పాఠ్యగ్రంథములందు నిలిచినవి. వానివలన శాస్త్రమునకు లోటేమియు కలుగలేదు.

విలువిద్యకు మరియొక చిక్కు కలదు. అల్లెత్రాడు, అలుగు, గరి, పొది అను పదములు కావ్యములం దుండిపోయినవి. అలుగు అమ్ముమొన యని మరచి, చెరువునీరు పొర్లిపోవు కట్టడముగా మాత్రమే నేడు పలువు రెరుగుదురు. 'ఎక్కుపెట్టుట' యనగా వింటికి అల్లెత్రాడు తగిలించుట. ఇప్పుడది గురిచూచుట యను అర్థమున తుపాకికిని చెల్లుచున్నది. 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలయందు విజయవాడకు చెందిన వెన్నం జ్యోతిసురేఖ మూడు స్వర్ణపతకములు గెలిచినపుడు మన పత్రికలలో 'ఆర్చరీ', 'కాంపౌండ్' అను మాటలే మిక్కిలిగా కనబడినవి. కొనలయందు గిలకలు గల ఆ వింటిని 'గిలకవిల్లు' అనినచో బావి నెరిగిన ఏ తెలుగువానికైనను తెలియును. పాతమాటకు పని కల్పించుటయే దానిని బ్రతికించుట.

ఈ లోపములకు మందు లేకపోలేదు. 1962లో వ్యవసాయపదములతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశమును, 1971లో చేనేతపదములతో వచ్చిన దాని రెండవ సంపుటమును భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదించిరి. గ్రంథములనుండి కాక పనివారి నోటినుండి మాటలను సేకరించుట వాని విశిష్టత. అయితే ఆ సేకరణకు క్షేత్రము ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. పూరీ తీరమున నోలియాలని పిలువబడు తెలుగు జాలరుల మాటలను, ప్రళయకావేరి సరస్సునకు తమిళనాటి దరిని వసించు మనవారి మాటలను అదే పద్ధతిని సేకరించుట మన వంతు.

మన సంఘములు ఇందుకు పూనుకొనునెడల ఒక నియమము పాటింపవలెను. ప్రతి మాటకును వస్తువు, దాని ఉపయోగము, కాలము, స్థలము వ్రాయవలెను. వీలైనచో చిత్రమును జేర్పవలెను. పొరుగుభాషలోని పేరును గూడ ప్రక్కన నుంచవలెను. మన 'గాలము' కన్నడమున 'గాళ', మరాఠీలో 'గళ్' అని తెలిసినచో మాట బలపడును. మన 'ఏరు' పారునది, తమిళుల 'ఏరి' నిలుచునది యని తెలిసినచో పొరపాటు తొలగును. వలవేయు పెద్దలు ఇంకను మన పేటలలో నున్నారు. వారిని అడుగుటకు తగిన కాలమిదియే.