వేషానికి వీపు కూడా ఉంటుంది

వేషాల పోటీ నడిపేవాళ్ళు ముందుగా చూడాల్సింది వేషం వీపును. ముందు వైపు ఎలాగూ అందరి కళ్ళూ పడతాయి, ఫోటోలూ అటు నుంచే తీస్తారు. వెనక్కి తిప్పితే పని తెలుస్తుంది. కొలత తీసి కుట్టారా, పిన్నీసులతో లాగి బిగించారా? కిరీటం బరువంతా నుదుటి మీద పడుతోందా, తల చుట్టూ సమంగా ఆనుతోందా? రెక్కలు భుజాలకు వేలాడుతున్నాయా, నడుముకు కట్టిన పట్టీ వాటిని మోస్తోందా? కోలారులోనూ కేజీఎఫ్‌లోనూ పిల్లల పోటీలకు ఒకసారి నిర్వాహకుడిగా, ఒకసారి న్యాయనిర్ణేతగా పనిచేస్తూ వస్తున్నాను. వీపు చూడకుండా వేసిన మార్కులు సగం మార్కులేనని నా గట్టి నమ్మకం.

మా వైపు వేషాలకు కొదవ లేదు. కృష్ణాష్టమికి వీధికో పాతికమంది కృష్ణులు. నవంబరు 1న కర్ణాటక రాజ్యోత్సవానికి రోకలి పట్టిన ఓబవ్వలు, కత్తి దూసిన కిత్తూరు చెన్నమ్మలు. విశ్వేశ్వరయ్య వేషమంటే మాకు మరీ ముద్దు. ఆయన 1861లో పుట్టిన ముద్దేనహళ్ళి, 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా విడిపోయేదాకా మా కోలారు జిల్లాలోదే. ఇంటి భాష తెలుగు. కోటు, టై, జరీ అంచు మైసూరు పేట (తలపాగా) ఉంటే చాలనుకుంటారు చాలామంది. పేట దగ్గరే దొరికిపోతారు. బజార్లో కొన్న పేట పిల్లవాడి కళ్ళ మీదికి జారుతుంది, వాడు చెప్పాల్సిన నాలుగు మాటలూ దాన్ని పైకి తోసుకోవడంలోనే పోతాయి. ఇంట్లో తాత కూర్చోబెట్టి చుట్టిన పేట అంగుళం కూడా కదలదు.

2018 డిసెంబరులో ‘కేజీఎఫ్’ మొదటి భాగం, 2022 ఏప్రిల్‌లో రెండోది వచ్చాక మా వేదికల మీద గడ్డాల రాకీ భాయ్‌లు పెరిగారు. ఆ సినిమా తీసింది మా గనుల సైనైడ్ దిబ్బల మీదే కాబట్టి పిల్లల ఉత్సాహాన్ని కాదనలేం. 2024లో ‘పుష్ప 2’ వచ్చింది, చీర కట్టి, ముఖానికి రంగు పూసుకున్న మాతంగి వేషాలు వచ్చాయి. ఆ వేషం సినిమాలో పుట్టింది కాదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు తరతరాలుగా మొక్కు చెల్లిస్తూ వేసేది. అక్కడ రోజుకో వేషం: బైరాగికి తెల్ల సుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధమూ వేపాకూ. కేజీఎఫ్‌కు కూతవేటు దూరంలో ఉన్న కుప్పంలో కూడా మే నెలలో గంగమ్మ జాతర జరుగుతుంది కాబట్టి మా సరిహద్దు ఊళ్ళ అవ్వలకు ఈ సంగతులన్నీ కొట్టినపిండి. మాతంగి వేషంలో వచ్చిన ఓ పిల్లవాణ్ణి వాడి అవ్వ మా ముందే నిలబెట్టి, కొంగు ఎటు వైపు ఉండాలో, ఎందుకు ఉండాలో చెబుతూ మళ్ళీ కట్టింది. ఆ పూట నేర్చుకున్నది పిల్లవాడొక్కడే కాదు, పక్కనే ఉన్న ముగ్గురు న్యాయనిర్ణేతలూ నేర్చుకున్నారు.

ఇదే సందర్భంలో ఒక నియమం చెప్పాలి. ఒక కులాన్నో, అడవిలో బతికే తెగనో, ఒకరి ఒంటి లోపాన్నో నవ్వులాట చేసే వేషం మా వేదిక ఎక్కదు. ముఖానికి మసి పూసి, ఆకులు చుట్టి, అర్థం లేని అరుపులు అరిపిస్తే చప్పట్లు వస్తాయని కొందరు తల్లిదండ్రులు ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ పిల్లవాణ్ణి ఏడిపించకుండా, పక్కకు తీసుకెళ్ళి వేరే వేషం కట్టించి పంపడం నిర్వాహకుడి బాధ్యత. అందుకని రెండు మూడు కండువాలు, ఒక తెల్ల చొక్కా, ఒక కళ్ళజోడు ఎప్పుడూ మా పెట్టెలో ఉంటాయి.

ఇక అద్దె వేషాల తగాదా. ముళబాగిలు, శ్రీనివాసపుర వైపు పల్లెల్లో జాతరలకు రాత్రంతా తెలుగు పౌరాణిక నాటకాలు ఆడే అలవాటు ఉంది. కిరీటాలు, భుజకీర్తులు, గదలు అద్దెకు తెస్తారు. దాంట్లో తప్పేం లేదు, నాటకం నడిచేదే అలా. పోటీకి వచ్చేసరికి సంగతి వేరు. అద్దె అద్దాల కిరీటం పక్కన తల్లి అట్టముక్క కోసి, బంగారు కాగితం అంటించిన కిరీటం నిలబడితే, పది అడుగుల దూరం నుంచి ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు. రెంటినీ ఒకే వరసలో నిలబెట్టడమే అన్యాయం. అద్దె వేషానికి నడక, మాట, అభినయం చూసి మార్కులు వేయాలి. చేసిన వేషానికి వాటితో పాటు పనితనం మార్కులు వేరే ఉండాలి. పనితనం మార్కులు వేదిక మీద వేయకూడదు. గంట ముందు, వెనక గదిలో, వెలుతురులో, చేత్తో తాకి చూసి వేయాలి. ఆ పని చేసేవాళ్ళలో ఒక్కరైనా దర్జీ ఉండాలి. వక్తలు, అధికారులు ఎంత పెద్దవాళ్ళైనా, లోపలి కుట్టు చూసి పని చెప్పగలిగేది దర్జీయే.

ఇది నేను కనిపెట్టింది కాదు. సైన్స్ ఫిక్షన్ అభిమానుల ప్రపంచ సదస్సు వరల్డ్‌కాన్‌లో వేషాల పోటీ 1940 నుంచీ నడుస్తోంది. కొత్తవాళ్ళను, కొంత చేయి తిరిగినవాళ్ళను, ఆరితేరినవాళ్ళను అక్కడ వేరువేరు తరగతులుగా పెడతారు. పనితనాన్ని తెర వెనక విడిగా చూస్తారు. అంతకు ముందు ఏడాది, 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి సదస్సుకు ఫారెస్ట్ ఏకర్మన్ భవిష్యత్తు మనిషి దుస్తుల్లో వచ్చాడని చరిత్ర పుస్తకాలు ఘనంగా చెబుతాయి. ఆ దుస్తులు కుట్టింది మర్టల్ డగ్లస్. తనకూ ఒక జత కుట్టుకుని ఆయన పక్కనే నడిచింది. ఆమె పేరు జనం నోట్లో పడటానికి చాలా కాలం పట్టింది. మా ఊళ్ళో మైకు పట్టుకున్నవాళ్ళు పిల్లవాడి పేరు, బడి పేరు, తండ్రి పేరు చదివి, కుట్టిన తల్లి పేరు మింగేసినప్పుడల్లా నాకు మర్టల్ డగ్లస్సే గుర్తొస్తుంది.

ఈ మధ్య చూసినవాటిలో నా మనసులో నిలిచిపోయిన వేషం ఒక గని కార్మికుడిది. కేజీఎఫ్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఇప్పటి పిల్లలకు అవి తాతలు చెప్పే కథలు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన మనుషుల మనవడు, ఎనిమిదేళ్ళవాడు, తాత హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. నుదుటి మీద దీపం వెలుగుతోంది. చూసేవాళ్ళకు అంతే కనిపిస్తుంది. వెనక గదిలో వాణ్ణి తిప్పి చూశాం. దీపం నుంచి వైరు చొక్కా లోపలి వైపు వెన్నెముక వెంబడి నడుముకు దిగుతోంది, బెల్టుకు కట్టిన చిన్న డబ్బాలో బ్యాటరీ ఉంది. వైరును బెత్తెడుకొక చోట దారంతో ఉచ్చు వేసి కుట్టారు, బిగించి కాదు, కాస్త వదులుగా. పిల్లవాడు వంగినా వైరు జరుగుతుందే గాని తెగదు. మెడ దగ్గర గుచ్చుకోకుండా పాత బనియన్ గుడ్డ మడతపెట్టి వేశారు. పెద్ద హెల్మెట్ చిన్న తలకు సరిపోయేలా లోపల స్పాంజి ముక్కలు ఉన్నాయి, అంటించకుండా కుట్టారు, మళ్ళీ తాతకు తిరిగి ఇవ్వాలి కాబట్టి.

“ఎవురు కుట్టింది నాయనా?” అని మా దర్జీ అడిగాడు.

“మాయమ్మ సార్. తాత పక్కన కూసోని చెప్పినాడు.”

దర్జీ ఆ ఉచ్చుల మీద వేలు పోనిచ్చి పదికి పది వేశాడు. ముందు వైపు మాత్రమే చూసివుంటే వాడికి ఆరో ఏడో వచ్చేవి.

వెనక గదికి కావలసినవి కూడా చెప్పాలి, ఎందుకంటే పోటీలు చెడేది చాలావరకు అక్కడే. ఒక బల్ల, దాని మీద సూదులు, నల్లదీ తెల్లదీ దారం, పిన్నీసులు, జిగురు, కత్తెర. తాగడానికి నీళ్ళు, స్ట్రాలతో సహా, రంగు పూసిన మూతి చెదరకుండా. వేదిక మెట్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు, ముసుగు వేసుకున్నవాడికి మెట్లు కనబడవు. కర్ర, కత్తి, తుపాకి బొమ్మలన్నీ ముందే పట్టి చూడాలి, నిజమైన అంచు ఏదీ లోపలికి రాకూడదు. ఎదుటివాడి వేషానికి అంటుకునే తడి పదార్థమేదీ ఒంటికి పూసుకోకూడదు. 1972లో లాస్ ఏంజెలెస్ వరల్డ్‌కాన్‌కు ఒకతను ఒళ్ళంతా వేరుశెనగ వెన్న పూసుకొచ్చి, పక్కవాళ్ళ బట్టలూ తెరలూ పాడుచేశాక అక్కడ ఆ నియమం పెట్టారు. మా దగ్గర పసుపు, కుంకుమ నీళ్ళలో కలిపి పూసుకొచ్చేవాళ్ళకూ అదే వర్తిస్తుంది. పక్కన తెల్ల చీర కట్టిన సరస్వతి ఉండొచ్చు మరి.

మా పోటీల్లో ఎదిగిన పిల్లలు కొందరు ఇప్పుడు బెంగళూరు కామిక్ కాన్‌కు వెళ్తున్నారు. 2011లో ఢిల్లీలో మొదలైన ఈ సంబరం మరుసటి ఏడాది బెంగళూరుకు, ఆ తర్వాత హైదరాబాదుకు వచ్చింది. ఈ మధ్య బెంగళూరులో జరుపుతున్నది వైట్‌ఫీల్డ్‌లో. మా మారికుప్పం నుంచి బెంగళూరుకు ఉద్యోగాలకు పోయేవాళ్ళు రోజూ ఎక్కే రైలు ఆ వైట్‌ఫీల్డ్ మీదుగానే వెళ్తుంది. ఫోమ్ షీటు కోసి, వేడిగాలితో వంచి చేసిన కవచాన్ని దుప్పట్లో చుట్టి, ఆ కిక్కిరిసిన పెట్టెలో నలగకుండా పట్టుకెళ్ళడం మా కుర్రాళ్ళకు వచ్చు. కవచాన్ని ముక్కలుగా విడదీసేలా, అక్కడ చేరాక బకిల్స్‌తో పది నిమిషాల్లో బిగించేలా చేస్తున్నారు. రైలు వాళ్ళకు నేర్పిన పనితనం అది. అక్కడి పోటీల్లో కామిక్స్, యానిమే, గేమింగ్ అంటూ పాత్ర ఎక్కణ్ణుంచి వచ్చిందో దాన్ని బట్టి విభాగాలు ఉంటాయి. మన ఓబవ్వకూ, మన గని కార్మికుడికీ కూడా అలాంటి వేదిక మీద ఒక విభాగం ఉండాలని నా కోరిక.

ఈ ఏడాది మా దరఖాస్తులో ఒక గడి కొత్తగా చేర్చాం: ‘వేషం చేసినవారు’. అది నింపకపోతే దరఖాస్తు తీసుకోం. అమ్మ, అవ్వ, అన్న, పక్కింటి దర్జీ, ఎవరైనా సరే, పేరు రాయాలి. మైకులో ఆ పేరు పిల్లవాడి పేరు తర్వాత వెంటనే తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ చదువుతారు, పిలిస్తే వాళ్ళు కూడా వేదిక మీదికి రావాలి. “మాకెందుకన్నా అంతమందిలో” అని తల్లులు కొందరు వెనకాడుతున్నారు. మెట్లు ఎక్కలేని అవ్వల కోసం మొదటి వరసలో కుర్చీలు వేయిస్తున్నాం, మైకే వాళ్ళ దగ్గరికి వెళ్తుంది. ఒక్కొక్కరికి అర నిమిషం పెరుగుతుంది కాబట్టి అయిదింటికి కాకుండా నాలుగింటికే మొదలు. పనితనం చూపించాల్సినవాళ్ళు మూడింటికల్లా వెనక గదికి రండి, దర్జీ అప్పటికే అక్కడ ఉంటాడు.