బండ ఎన్ని అడుగులు కదిలింది?

మొన్న శివరాత్రికి మేళ్లచెరువు వెళ్లాను. శంభులింగేశ్వరస్వామి దర్శనం వల్ల నాకెంత పుణ్యం వచ్చిందో ఆయనకే తెలియాలి గానీ, ఆ తిరునాళ్లకి వెళ్లి ఎడ్ల పందేలు చూడకుండా రావడం మాత్రం పాపమే. పళ్లు చూసి జతల్ని విడదీస్తారు. పాలపళ్ల గిత్తలకి వొక పందెం, రెండు పళ్లవాటికి వొకటి, నాలుగింటికి వొకటి, అలా. వొక పందెంలో బండ అందరికీ వొకటే, గడువూ వొకటే. గడువయ్యాక బండ ఎంత దూరం కదిలిందో కొలిచి, అడుగుల లెక్కన మైకులో చెప్తారు. గెలిచిన జతకే కాదు, ఆఖరున మిగిలిన జతకి కూడా!

ఆ జనంలో నా పక్కన నిలబడ్డ మా మేనకోడలు సెల్‌ఫోను చూసుకుని గబుక్కున సంచీలో పడేసింది.

“ఏమ్మా, ఏమైంది?”

“ఏముంది మామయ్యా, కథల పోటీ ఫలితాలొచ్చినయ్. మనది లేదు.”

డిగ్రీ చదువుతోంది. ఆన్‌లైన్ పోటీకి పంపిన మొదటి కథ అది. బహుమతి పొందిన కథలు మూడు, సాధారణ ప్రచురణకి తీసుకున్నవి పది. మిగతావాళ్ల బండ ఎన్ని అడుగులు కదిలిందో చెప్పే మైకు అక్కడ లేదు.

పోటీకి రాసేది సాహిత్యమేనా అని మూతి విరిచే పెద్దలు నాకు కొందరు తెలుసు. “పెళ్లిచూపులకి ముస్తాబైన పిల్ల లాగా వుంటాయండీ ఆ కథలు” అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ రెండేళ్లలో ఇంటర్‌నెట్‌లో బహుమతులందుకున్న కథలు చాలానే చదివాను. అమెరికాలో కొడుకు, వృద్ధాశ్రమంలో తల్లి, ఆఖరి పేరాలో కన్నీళ్లు. ఆ తల్లి వంటింట్లో ఏం వండేదో, ఎవరి మీద కోప్పడేదో వొక్క కథలోనూ కనపడదు. ఆమె మనిషి కాదు, వొట్టి సందేశం. న్యాయనిర్ణేతలకి యేది నచ్చుతుందో ముందే వూహించి రాస్తే ఇంతే అవుతుంది.

కానీ ఆ పెద్దలు మరిచిపోయే సంగతి వొకటుంది. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ని ప్రపంచానికి చూపించింది పోటీయే గదా! న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ల ప్రపంచ కథానికల పోటీలో 1952లో దానికి రెండో బహుమతి వచ్చింది. సూత్రాల చట్రంలో బతికే వొక పెద్దమనిషి, రైల్లో అడుక్కునే వొక ఆడది, వొక తుఫాను రాత్రి. అంతే కథ. ఎవరి మెప్పు కోసమూ అది నీతి చెప్పలేదు. మన రోజుల్లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ 2019లో తానా వారి నవలల పోటీలో బహుమతి పొందింది. కరువుకి గొర్రెల్ని నల్లమలకి తోలుకుపోయే కడప సీమ కాపరుల కథ, వాళ్ల మాటలోనే. 2021లో సినిమాగా కూడా వచ్చింది. పోటీ ఈ రెండిటినీ చెడగొట్టలేదు. చెడగొట్టేది పోటీ కాదు, బహుమతి మీద వొక కన్నేసి రాయడం.

బహుమతిని కాసేపు పక్కన పెట్టి చూడండి, మిగిలే లాభం తక్కువేం కాదు. మా రోజుల్లో కథ పంపాలంటే కాగితానికి వొకవైపే రాసి, నకలు దగ్గరుంచుకుని, తిరుగు కవరుకి బిళ్లలంటించి, పోస్టుమాన్‌కి నెలల తరబడి ఎదురుచూడాలి. ఇవాళ మేళ్లచెరువులో మంచం మీద కూర్చుని టైపు చేసిన కథ, హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ వారి ఉగాది పోటీకి తెల్లారేలోగా చేరుతుంది. 2014లో బెంగుళూరులో మొదలైన ప్రతిలిపి లాంటి చోట్ల పేరూ వూరూ తెలియని పాఠకులు చదువుతారు. (చుక్కల కోసం చుట్టాలందరికీ ఫోన్లు చేసేవాళ్లూ వుంటారు. వాళ్ల సంగతి వదిలేద్దాం.)

అసలు పదిమందినీ పిలవడంలోనే వొక బలం వుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు పద్యాలు పంపమని అందరినీ పిలిచారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వచ్చింది, అందులో 354 మంది! అది పోటీ కాదు, బహుమతీ లేదు. అయినా పిలుపు లేకపోతే అందులో ఎంతమంది పద్యాలు పెట్టెల్లోనే చెదలు పట్టేవో!

మళ్లీ మా పిల్ల కథ దగ్గరికి వస్తాను. అది మొదట రాసినప్పుడు రెండువేల ఆరువందల మాటలు. పోటీ నియమం వెయ్యి. ఏడుపు మొహంతోనే కోసింది. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చదివాను. మొదటిదాన్లో సూర్యోదయానికే రెండు పేరాలు. రెండోదాన్లో కథ ఎత్తుకోవడమే, వొక ముసలమ్మ తడిగుడ్డతో తులసాకుల మీది దుమ్ము వొక్కొక్క ఆకే తుడవడంతో. సిమెంటు ఫ్యాక్టరీలున్న వూరని యెక్కడా చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. ఆ కోత ఏ గురువూ నేర్పలేదు, గడువూ మాటల లెక్కా కలిసి నేర్పాయి.

అయితే ఆఖర్న మనవరాలు దేవుడి ముందు నిలబడి, పెద్ద ఆఫీసరై వూరిని బాగుచేస్తానని ప్రమాణం చేస్తుంది. కోసిన కథకి అతికిన తోక. పంపేముందు నాకు చూపించింది. నాకది అప్పుడే గుచ్చుకుంది. కానీ పిల్ల మొహం చూసి, “బాగుందమ్మా” అన్నాను.

పందేల మైదానంలో మరో జత బండకి కట్టారు. అది మళ్లీ సంచీలోంచి సెల్‌ఫోను తీసింది. పోటీ కథల కింద పాఠకులు రాసిన అభిప్రాయాల్లో, తన కథ కింద వొకే వొక్కటి వుంది. ఎవరో, ఏ వూరో తెలియదు. తులసాకుల దగ్గర తమ నాయనమ్మ గుర్తొచ్చిందనీ, చివరి పేరా లేకుండా వుంటే ఇంకా బాగుండేదనీ రాశారు.

“నీకు కూడా అట్లనే అనిపించిందా మామయ్యా?”

అబద్ధం చెప్పే వయసు కాదు. “అనిపించింది” అన్నాను.

“మరి అప్పుడే చెప్పొచ్చుగా!”

పత్రికల్లో నలభై ఏళ్లుగా ఇతరుల కథల్ని చీల్చి చెండాడినవాణ్ని. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లోవాళ్లు “బాగుంది” అంటారు, స్నేహితులు “అదిరింది” అంటారు. మనమెవరో తెలియనివాడొక్కడే కథని కథగా చదువుతాడు. ఆన్‌లైన్ పోటీల వల్ల మా పిల్లకి వచ్చిన లాభం యేదైనా వుంటే అది ఆ రెండు వాక్యాలే.

అందుకే పోటీలు పెట్టేవారికి నాదొక మనవి. ప్రవేశ రుసుం అడిగితే యెందుకో చెప్పండి, కథ మీద హక్కులు యెవరివో నియమాల్లో తేటగా రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, నెగ్గని కథకి కూడా రెండు ముక్కలు రాసి పంపండి. వందల కథలొస్తే కుదరదంటారా? తుది వడపోత దాకా వచ్చిన ముప్ఫయ్యో నలభయ్యో కథలకైనా రాయొచ్చు. ఎడ్ల పందెంలో చేస్తున్నారు గదా!

సాయంత్రం ఆఖరి జత అడుగులు మైకులో చెప్పేసరికి అది ఆ చివరి పేరా కొట్టేసింది. తర్వాత కొత్త కథ వొకటి రాసి ఇంకో పోటీకి పంపిందని మా చెల్లెలు చెప్పింది. ఈసారి నాకు చూపించలేదు.