ఓకే అన్నవాడిదే సుంకం

చెన్నై రేవులో దిగి, రైలెక్కి వైట్‌ఫీల్డ్ డిపోకి పోయే కంటైనర్లు మన బంగారుపేట, మాలూరు మీదుగానే పోతాయి. సరుకు తెప్పించుకున్నాయన వర్క్‌షాపు పట్టాల పక్కనే ఉన్నా ఇక్కడ దించుకోవడానికి లేదు. పెట్టె వైట్‌ఫీల్డ్ చేరాలి, బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి ప్రకటన) పడాలి, సుంకం కట్టాలి, కస్టమ్స్ వాళ్లు వదలాలి. అప్పుడు లారీ ఎక్కి వెనక్కి రావాలి. ఇంత తతంగమూ కంటికి దూరంగా జరుగుతుంది కనుకనేమో, ఈ కోలారు జిల్లాలో చిన్న యజమానుల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: ‘అదంతా ఏజెంటు చూసుకుంటాడులే అన్నా.’

ఏజెంటు చూసుకుంటాడు, నిజమే. సుంకం మాత్రం యజమానిని చూసుకుంటుంది.

నేను లెక్కలు చూసేది ఎక్కువగా ఇలాంటివాళ్లవే. బీఈఎంఎల్‌కి విడిభాగాలు చేసిచ్చే కేజీఎఫ్ షెడ్లవాళ్లు కొందరు. 2001 ఫిబ్రవరి 28న అక్కడి బంగారు గనులు మూతపడ్డాక బతుకుదెరువుకి లేతు మిషను పట్టినవాళ్లు కొందరు. ఈమధ్య నరసాపుర, వేమగల్ పారిశ్రామికవాడల పుణ్యమా అని ఇంకొందరు. మిషను కొరియా నుంచో తైవాన్ నుంచో, స్పేర్లు చైనా నుంచో వస్తాయి. వీళ్లెవరికీ దిగుమతుల విభాగం అంటూ ఉండదు. యజమాని, ఆయన ఫోను, అంతే.

ఆ ఫోనుకి ఓ సాయంత్రం వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది. దాన్ని చెక్‌లిస్ట్ అంటారు. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఏమేం వేయబోతున్నాడో ఏజెంటు ముందుగా చూపించే నకలు. కింద ‘ఓకేనా సార్? ఫైల్ చేసేస్తా’ అని ఉంటుంది. మనవాడు ఆయిలు చేత్తోనే బొటనవేలి బొమ్మ నొక్కి పంపేస్తాడు. నన్నడిగితే దిగుమతి విద్యంతా ఆ బొమ్మ నొక్కక ముందరి అరగంటలోనే ఉంది.

నేను ముందు సుంకం అంకె జోలికి పోను. ఇన్వాయిస్ పక్కన పెట్టుకుని అమ్మకం షరతు చూస్తాను: ఎఫ్‌ఓబీనా, సీఐఎఫ్‌నా? ఎఫ్‌ఓబీ అయితే ఓడ కిరాయి, బీమా ఆ ధరలో ఉండవు. సుంకం లెక్కకి అవి కలపాలి. బీమా ఎంతో తేలకపోతే ఎఫ్‌ఓబీ ధర మీద 1.125 శాతం, కిరాయి తేలకపోతే 20 శాతం వేసుకోమని నిబంధనే ఉంది. చిక్కేమిటంటే ఓడ కిరాయి బిల్లు ఇంకెవరో, ఇంకెప్పుడో పంపిస్తారు. చెక్‌లిస్ట్‌లో ఒక అంకె, ఆ బిల్లులో మరో అంకె. రెండూ మన ఫైల్లోనే పక్కపక్కన ఉంటాయి, ఆడిట్‌కి వచ్చినాయనకి వెతుక్కునే పని కూడా ఉండదు.

తర్వాత సరుకు ఏ రకమో చెప్పే ఎనిమిదంకెల హెచ్‌ఎస్ కోడ్. రేటు దాన్నిబట్టే. పది లక్షల విలువైన మిషనుకి బేసిక్ సుంకం 7.5 శాతం అనుకుందాం: 75,000. దానిమీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి 7,500. అన్నీ కలిపిన 10,82,500 మీద 18 శాతం ఐజీఎస్టీ 1,94,850. ఐజీఎస్టీ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. మొదటి రెండూ పోయినట్టే. కాబట్టి ‘మీకు బాగా తగ్గించి చేశాను సార్’ అని ఏజెంటు అన్నాడంటే ఆ 82,500లో ఎక్కడో కోత పెట్టాడని అర్థం. ఏ కోడ్ వేసి, ఏ నోటిఫికేషన్ చూపించి తగ్గించాడో అడగకుండా సంబరపడకూడదు.

నాకు తెలిసిన ఒకాయన కొరియా మిషను తెప్పించాడు. ఆ దేశంతో 2010 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద సుంకంలో రాయితీ వచ్చింది, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ జతచేశారు, సరుకు బయటికొచ్చింది. అయితే 2020 సెప్టెంబరు 21 నుంచి సర్టిఫికెట్ ఒక్కటీ ఉంటే చాలదు. ఆ దేశంలో ఏం తయారైంది, రాయితీకి అర్హత ఎలా వచ్చింది అన్న సమాచారం దిగుమతిదారు తన దగ్గరే పెట్టుకోవాలి, అయిదేళ్లు దాచాలి. కస్టమ్స్ వాళ్లు అడిగినప్పుడు ఈయన ‘అవన్నీ ఏజెంటు దగ్గరున్నాయి’ అన్నాడు. ఏజెంటు దగ్గరున్నది సర్టిఫికెట్ నకలే. చివరికి తేడా సుంకం, వడ్డీ ఈయనే కట్టాడు.

ఇందులో అన్యాయం ఉందని ఆయన వాదన. నాకలా అనిపించలేదు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 147వ సెక్షను ఈ సంగతి దాచిపెట్టలేదు. ఏజెంటు చేసిన పని యజమానికి తెలిసీ, ఒప్పుకునీ చేసినట్టే లెక్క. కాదంటే నిరూపించుకోవలసింది యజమానే. 2011 నుంచి సుంకం లెక్క దిగుమతిదారు తానే వేసుకుని ప్రకటించే పద్ధతి కూడా వచ్చింది. తక్కువ కట్టినట్టు తేలితే మామూలుగా రెండేళ్ల దాకా అడగొచ్చు, కావాలని దాచారంటే అయిదేళ్ల దాకా. దాచిన కేసుల్లో సుంకమెంతో జరిమానా కూడా అంత పడొచ్చు.

ఏజెంట్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. లైసెన్సు ఊరికే రాదు, పరీక్ష రాయాలి.  2018 నిబంధనల ప్రకారం ఏజెంటు మన ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్), జీఎస్టీ నంబర్లు, చిరునామా సరిచూడాలి, చట్టం ఇదీ అని మనకి చెప్పాలి. చెప్పకపోతే లైసెన్సు పోవచ్చు. ఈ వృత్తి నమ్మకం మీద నడిచేదని సుప్రీంకోర్టు 2016లో గణాత్రా కేసులో గట్టిగానే చెప్పింది. కానీ తక్కువ పడిన సుంకం మాట వేరు. ఏజెంటు సొంత అశ్రద్ధ వల్లో, కావాలని చేయడం వల్లో కాకపోతే, యజమాని దగ్గర వసూలు కాదని అధికారి అనుకున్నప్పుడే అతని జోలికి వస్తారు. మన ఇన్వాయిస్ చూసి కోడ్ వేసే మనిషికి మన మిషను లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? తెలిసింది మనకే.

నేను భయపడేది లైసెన్సు ఉన్న ఏజెంటుకి కాదు, కిలోకింత అని రేటు చెప్పి ‘డోర్ డెలివరీ, డ్యూటీ మాదే’ అనేవాళ్లకి. చౌకగానే ఉంటుంది. సరుకు ఇంకెవరి ఐఈసీ మీదో దిగుతుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలో మన పేరుండదు, ఐజీఎస్టీ క్రెడిట్ రాదు, ఏ విలువ చూపించారో మనకి తెలియదు. పేరు లేదు కాబట్టి పూచీ లేదనుకుంటే అదీ లేదు. 2017లో దిగుమతిదారు నిర్వచనంలోకి అసలు లబ్ధిదారుని కూడా చేర్చారు. మొన్న ఒక షెడ్డులో అడిగాను, ‘అప్పా, ఈ స్పిండిల్‌కి బిల్ ఆఫ్ ఎంట్రీ ఏది?’ అని. కొరియర్ రసీదు తెచ్చి చూపించాడు.

అందుకని నా దగ్గరికొచ్చేవాళ్లకి కొన్ని అలవాట్లు చేస్తున్నాను. సుంకం డబ్బు ఏజెంటు చేతికివ్వకుండా కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్లో సొంత ఖాతా నుంచే కట్టమంటాను. ఆ ఐజీఎస్టీ మన క్రెడిట్ల పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనబడిందో లేదో చూడమంటాను. కనబడకపోతే సరుకు ఎవరి పేరున దిగిందో అప్పుడే ఆరా తీయాలి. చెక్‌లిస్ట్‌కి బొటనవేలి బొమ్మ బదులు ఈమెయిల్‌లో జవాబివ్వమంటాను, తేడాలుంటే రాసి మరీ.

దీనికి ఏజెంట్ల అభ్యంతరం ఒకటుంది, సబబైనదే. ‘మీరు చదువుతా కూచుంటే లేటు ఫీజు ఎవరు కడతారన్నా?’ సరుకు చేరే ముందురోజుకల్లా బిల్ ఆఫ్ ఎంట్రీ పడకపోతే మొదటి మూడు రోజులూ రోజుకి 5,000, ఆపైన రోజుకి 10,000 పడుతుంది. అది కూడా యజమాని ఖాతాలోదే. కాబట్టి ఓడ అక్కడ బయల్దేరిన రోజే ఇన్వాయిస్ పంపించి చెక్‌లిస్ట్ అడగమంటున్నాను. కొరియా నుంచి ఓడ చెన్నై చేరేలోపు నాలుగు పేజీలు చదవడానికి ఎంత తీరికలేనివాడికైనా వీలు చిక్కుతుంది.