పాటల కింద పడిపోయిన మాటలు

మా అక్క పెళ్ళి 1994 మే నెలలో, గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో, మా క్వార్టర్ ముందు వేసిన పందిట్లో జరిగింది. ఆ పెళ్ళి క్యాసెట్టు మూడు గంటలు. అందులో మా బాపు మాట వినబడేది నాలుగు నిమిషాలు. మిగతాదంతా సినిమా పాటలు.

అప్పట్లో పెళ్ళి వీడియో అంటే మిక్సింగే. భుజం మీద పానాసోనిక్ కెమెరాతో ఒకరు, సన్‌గన్ లైటు పట్టుకొని చెమటలు కక్కుతూ ఒక కుర్రాడు. తీసిన క్యాసెట్లు మిక్సింగుకు పోయి, ఇరవై రోజులకో నెలకో తిరిగొచ్చేవి. వచ్చేసరికి పెళ్ళికూతురు గుండె ఆకారంలోంచి విచ్చుకునేది, పెళ్ళికొడుకు పుస్తకం పేజీలా తిరిగేవాడు. అసలు చప్పుడంతా తీసేసి ఎదుర్కోలుకు ఒక పాట, తలంబ్రాలకు ఒక పాట, అప్పగింతలకు ఏడుపు పాట పెట్టేవాళ్ళు. పాటలు ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప క్యాసెట్టు. వీడియో ఆయన్ను తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. ఏ ఘట్టానికి ఏ పాట పెట్టాలో నోటుబుక్కు కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టింది, పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్న నేనే. నా చీటీలో పాటలు అయిపోయాక ఇంకో నాలుగు నిమిషాల బొమ్మ మిగిలింది. దాన్ని ఆయన ఉన్నదున్నట్టు వదిలేశాడు.

బాపు పోయి తొమ్మిదేళ్ళు. ఆ క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించాలని నేను కూర్చున్నది మాత్రం నిరుటి ఎండాకాలం. మొదట సులువైన దారి పట్టాను: ఒక దుకాణంలో ఇస్తే రెండు రోజుల్లో పెన్‌డ్రైవ్ చేతికొచ్చింది. మూడు గంటల పెళ్ళిని 700 ఎంబీలోకి కుక్కారు. పైగా పాత టీవీ కొలతలో, నాలుగుకు మూడు పాళ్ళలో ఉన్న బొమ్మను ఇప్పటి వెడల్పు టీవీకి సరిపోయేలా సాగదీశారు. మా బాపు బొగ్గు బాయిలో కోల్‌ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన ఒళ్ళు, పిడికెడు కండ అదనంగా ఉండేది కాదు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఆయన కాంట్రాక్టరులా కనబడ్డాడు. అమ్మ చూసి, "ఎవల పెండ్లిరా ఇది?" అన్నది.

ఇక నేనే చేద్దామనుకుంటే వీసీఆర్ లేదు. కొత్తది దొరకదు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని ఆపేసింది. ఒకప్పుడు కాలనీలో జీతాలు పడ్డ వారం కలర్ టీవీ, వీసీఆర్, మూడు సినిమాల క్యాసెట్లు కలిపి రాత్రికి కిరాయికి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఊరంతా అడిగితే టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర ఒకటి దొరికింది. ఆయన క్యాసెట్టును వెలుతురుకు పట్టి చూశాడు. టేపు అంచుల మీద తెల్లగా బూజు ఉంటే మిషన్లో పెట్టనే వద్దన్నాడు. ఆ బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకొని తర్వాత పెట్టిన క్యాసెట్టును కూడా పాడుచేస్తుందట. బూజు లేదు. "అయినా ఆడియ్యకు. ముందుగాల ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి తిప్పు, మళ్ళ ఎనుకకు తిప్పు. ముప్పై ఏండ్లు ఒక్క తీరుగ పండుకున్న టేపు అది, ఒళ్ళు ఇరవనీ" అన్నాడు.

హెడ్ తుడవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దూది పుల్ల వద్దు, దాని పోగులు హెడ్‌లో చిక్కుకుంటాయి. తెల్లకాగితం ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి హెడ్ ఉండే డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పాలి. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది. క్యాసెట్టు ఒకసారి ఆడాక తుడిస్తే కాగితం నల్లగా వచ్చింది. ఆయన నవ్వి, "ఖని క్యాసెట్టే, అనుమానం లేదు" అన్నాడు. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగే ఊళ్ళో, రేకు సందుగలో పెట్టినా టేపుకు మసి అంటకుండా ఎట్లా ఉంటుంది!

వీసీఆర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బీ ఒకటి పెట్టి మూడు గంటలూ ఒక్క ఊపులో ఎక్కించాను. బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నాను. చివరి నాలుగు నిమిషాల దగ్గర తెలిసింది అసలు సంగతి. బాపు నోరు మూసుకున్నాక మాట వినబడుతోంది. పాత టేపు నుంచి వచ్చే సిగ్నల్ నిలకడగా ఉండదు. అది తడబడ్డప్పుడల్లా డబ్బీ ఒకటో రెండో బొమ్మల్ని వదిలేస్తుంది, శబ్దం మాత్రం ఆగకుండా నడుస్తుంది. అవన్నీ కలిసి మూడు గంటలకు తేడా ఒక సెకను దాటింది. అంతసేపూ పాటలే కాబట్టి నాకు తెలియలేదు. తర్వాత ఒక పాత డీవీడీ రికార్డరును మధ్యలో పెట్టి సిగ్నల్‌ను దాని గుండా పంపాను, ఇరవై నిమిషాలకో ముక్క చొప్పున ఎక్కించాను. నాణ్యత కొంచెం కూడా తగ్గకుండా దాచాలంటే గంటకు 30 జీబీ పైనే పడుతుంది. పడనీ అనుకున్నాను. మూలం అట్లా ఉంచుకుంటే చూడటానికి చిన్న ఫైళ్ళు ఎన్నయినా చేసుకోవచ్చు.

ఇంకో చిక్కు దువ్వెన పళ్ళు. మన పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో బొమ్మలో బేసి గీతలు ముందు, సరి గీతలు తర్వాత, అంటే మొత్తం 50 సగం బొమ్మలు. కంప్యూటర్ రెంటినీ ఒకేసారి చూపిస్తే కదిలే వస్తువు అంచులన్నీ దువ్వెనలా చీలిపోతాయి. తలంబ్రాలు పోసేటప్పుడు అక్క చేతులు అట్లాగే కనబడ్డాయి. ఈ చీలికలు పోవడానికి సాఫ్ట్‌వేర్లో డీఇంటర్‌లేస్ చేసేటప్పుడు చాలామంది సెకనుకు 25 దగ్గర ఆపేస్తారు. 50 తీసుకోండి. కదలికలో జీవం అందులోనే ఉంది.

ఇక ఎడిటింగ్. డాలస్‌లో ఉండే మేనల్లుడు, "మామా, రెండు నిమిషాలకు కట్ చేసి పంపు, అమ్మ పెళ్ళిరోజుకు పెట్టుకుంటా" అన్నాడు. చేసి పంపాను. చేస్తున్నప్పుడే ఒకటి కళ్ళకు కట్టింది: అప్పుడు మేం డబ్బులిచ్చి చేయించుకున్నవన్నీ ఇప్పుడు నేను తీసిపారేస్తున్నాను, అప్పుడు వేస్టు అనుకున్నదాన్ని ఏరుకుంటున్నాను. బారాత్ వెనకాల నల్లా దగ్గర బిందెల వరుస. గోడల మీద ఎర్ర నినాదాలు. సాయంత్రం క్వార్టర్ల మీద దుప్పటిలా పరుచుకున్న బొగ్గుల పొయ్యిల పొగ. గోదావరిఖని 1960ల మొదట్లో బొగ్గు బాయిలు పడ్డాక పుట్టిన ఊరు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చినవాళ్ళు ఇక్కడ కాలనీ అయ్యారు. ఆ తర్వాత ఓపెన్‌కాస్టులు వచ్చి ఎన్నో ఊళ్ళను, వాడలను తిన్నాయి. ఆ బాయిలు తవ్విన సింగరేణి కంపెనీ చరిత్ర 1886 నుంచి మొదలు. ఏ ఏడాది ఎన్ని టన్నులు తీశారో కంపెనీ లెక్కల్లో దొరుకుతుంది. ఆ టన్నులు తీసినవాళ్ళు బంతిలో కూర్చొని ఎట్లా తిన్నారో చూడాలంటే ఈ క్యాసెట్లే దిక్కు.

బొమ్మ శుభ్రం చేసే కొత్త ఏఐ పనిముట్లు కూడా వాడి చూశాను. ఒక దగ్గరి షాట్‌లో బాపు నుదుటి మీద, ఎప్పుడో గాయంలో బొగ్గు దిగి మిగిలిన నీలిగీత ఉంది. టేపు మీద మరక అనుకొని యంత్రం దాన్ని చెరిపేసి, నున్నటి నుదురు ఒకటి తయారుచేసి పెట్టింది. ఆయనెవరో నాకు తెలియదు. ఆ ఫైలు తీసేశాను.

ఆ నాలుగు నిమిషాల్లో ఉన్నది బంతి భోజనాలు. బాపు వడ్డిస్తూ లైటు కుర్రాడి దగ్గర ఆగాడు. "తమ్మీ, గా లైటు పక్కకు పెట్టు. పొద్దటి సంది నిలబడే ఉన్నవ్. కూసొని తిను" అన్నాడు. ఇంతలో దూరంగా రెండో షిఫ్టు సైరన్. బంతిలోంచి ఇద్దరు లేవబోతే బాపు, "మస్టరుకు టైమున్నది, తినిపోండ్రి" అని వాళ్ళ భుజాలు నొక్కి కూర్చోబెట్టాడు. టేపు బుస తగ్గిద్దామని నాయిస్ ఫిల్టర్ పెడితే, బుసతో పాటు సైరన్ కూడా పోయింది. ఇద్దరు మనుషులు ఎందుకు లేస్తున్నారో తెలియకుండా లేస్తున్నారు. ఫిల్టర్ తీసేశాను. బుస ఉంటే ఉండనీ.

ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే ఒక హెచ్చరిక చేసింది: 2025 నాటికల్లా కంప్యూటర్‌లోకి ఎక్కించని టేపుల్లో చాలావాటిని ఇక దక్కించుకోలేమని. టేపు చెడిపోవడం ఒక కారణం, ఆడించే మిషన్లు లేకపోవడం ఇంకో కారణం. ఆ గడువు కూడా వెళ్ళిపోయింది. మీ ఇంట్లో క్యాసెట్టు ఉంటే ఈ వానలు పడకముందే బయటికి తీయండి. ఏమీ కత్తిరించకుండా మొత్తం ఎక్కించండి. ఆ బొమ్మల్లో ఎవరెవరున్నారో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టండి. ఇంకొక్క పని. మీ పెళ్ళి తీసిన స్టూడియో ఇంకా ఉంటే వెళ్ళి, మిక్సింగుకు పోకముందు కెమెరాలోంచి తీసిన అసలు క్యాసెట్టు మిగిలిందేమో అడగండి.

నేను అడిగాను. మా క్యాసెట్టు మీద, మిక్సింగు అయి వారం తిరక్కముందే మంథనిలో ఇంకో పెళ్ళి తీశారట.