హత్యాకథలలో దూరదేశము

మంచు గప్పిన కొండమీది బస, పడవ రాని ద్వీపము, శీతకాలమున సూర్యుడు కానరాని ఉత్తరభూమి - ఇట్టి చోటుల జరిగిన హత్యలను వర్ణించు నవలలు నేడు మన విద్యావంతుల గృహములలో విరివిగా చదువబడుచున్నవి. వానిని చలనచిత్రములుగా జూచువారు అంతకంటె నధికులు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరుని వెంట బెరిగిన తెలుగు చదువరులకు అపరాధపరిశోధక కథ యపరిచితము గాదు. కాని యీ శాఖయందు హంతకుడును పరిశోధకుడును గాక దూరదేశము సైతము కథకు ముఖ్యాంగమై యున్నది.

ఇండ్లలో బెద్దలు వీనిని గూర్చి రెండు విధములుగా మాటలాడుదురు. హత్యలు చదివిన పిల్లల మనస్సు చెడునని కొందఱు. కాలక్షేపమునకు జదువు పుస్తకమునకు విచారణ యేల యని కొందఱు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు గావు. సౌప్తికపర్వమును చదువనిచ్చు నింట హత్య యను పేరు విని బెదరనక్కఱలేదు. ఇక కాలక్షేపమందురా, పరాకుగా జదివిన పుస్తకము మన యభిప్రాయములను మనకు దెలియకుండనే దిద్దును. కావున మే మడుగదలచిన ప్రశ్న వేఱు. రచయిత హత్యను అంతదూర మేల గొనిపోయెను? కొనిపోయినపిదప ఆ దేశమును, అచ్చటి మనుష్యులను ఎట్లు చూచెను?

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. పట్టణమున హత్య జరిగినచో అనుమానింపదగినవారు వేలకొలది. పోలీసులు గడియలో వత్తురు. హంతకుడు రైలెక్కి పోవచ్చును. ద్వీపమునకు పడవ రాకున్నచో ఉన్నవారే యుందురు. హంతకుడు వారిలో నొకడు కాక తప్పదు. చదువరి వ్రేళ్లపై లెక్కించుకొనవచ్చును. ఇది కథ యల్లువానికి గలుగు సౌకర్యము. రెండవది రసమునకు సంబంధించినది. మన యాలంకారికులు విభావములు రెండని చెప్పిరి. ఏ వ్యక్తిని ఆశ్రయించి భావము పుట్టునో అది యాలంబనము. ఆ భావమును రగుల్కొల్పు దేశకాలాదులు ఉద్దీపనములు. భరతుడు భయానకరసమునకు జెప్పిన కారణములలో శూన్యగృహమును, అరణ్యమును గలవు. ఈ నవలాకర్తలు ద్వీపమును, మంచును అదే పనికి వినియోగించుకొనిరి.

ఆంగ్లరచయిత్రి ఆగథా క్రిస్టీ ఈ విద్యలో నందెవేసిన చేయి. 1931లో వ్రాసిన సిట్టఫర్డు కథయందు మంచుచే మూయబడిన డార్ట్‌మూర్ పల్లెను, 1934లో వెలువడిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్సు కథయందు యుగోస్లావియాలో మంచున జిక్కిన రైలును ఆమె రంగములుగా జేసికొనినది. 1939లో ప్రకటింపబడి నేడు ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ అను పేర బరగుచున్న నవలలో పదిమందిని ఒక ద్వీపమునకు జేర్చినది. ఆ ద్వీపము భూమికి కడు దూరమున లేదు. ఇంగ్లండులోని డెవన్ తీరమునుండి సుమా రొక మైలు మాత్రమే. అయినను తుపానురాగా పడవ కరవై, ఆ మైలు సముద్రము వేయి మైళ్లయినది. హంతకు డెవడో మే మిచ్చట జెప్పము. చదువబోవువారి సంతోషమును హరించుట విమర్శకునకు ధర్మము గాదు.

కాని కథారంభమున నందఱును వినుమాట యొకటి చెప్పవచ్చును. భోజనానంతరమున గ్రామఫోను పలక యొకటి మ్రోగి, చేరినవారిపై నొకరి తరువాత నొకరిగా హత్యానేరము మోపును. ఆ నేరములన్నియు చట్టమునకు అందనివి. మద్యపానము చేసి శస్త్రచికిత్స కుపక్రమించిన వైద్యుడు, యజమానురాలికి సమయమునకు మందీయని సేవకులు, గర్భవతియైన పనిపిల్లను ఇల్లు వెడలగొట్టి ఆమె నీట దూకుటకు గారణమైన భక్తురాలు - వీరందఱు న్యాయస్థానమున శిక్ష పొందక గౌరవముతో దిరుగుచున్నవారే. పోలీసులు లేని చోట మనుష్యుని నడవడి యేమగునను ప్రశ్నకు రచయిత్రి తేలికగా సమాధాన మీయలేదు. పోలీసులున్నచోటను దోషులు తప్పించుకొనిరని చూపినది. ఇందులకు ఆమెను మెచ్చుకొనవలయును.

ఇక లోపము. ఆ పదిమందిలో లంబార్డు అనువాడు 1932 ఫిబ్రవరిలో తూర్పు ఆఫ్రికాజాతివారైన ఇరువదియొక్కరి మరణమునకు గారకుడని పలక పలుకును. వాడు దాని నంగీకరించును: అడవిలో దారి తప్పినప్పుడు ఉన్న ఆహారము దీసికొని, వారిని విడిచి పోయితినని నిర్లక్ష్యముగా జెప్పును. తక్కిన మృతుల కందఱకును పలక పేర్లు పెట్టినది. మునిగిపోయిన బాలునకు బేరున్నది. చనిపోయిన పనిపిల్లకు బేరున్నది. ఇరువదియొక్కరిలో నొక్కనికైనను బేరు లేదు; సంఖ్య మాత్రమే. వారి గ్రామము, వారి నది, వారు నడచిన త్రోవ - ఏమియు లేదు. ఒక పాత్ర వారు కేవల మచ్చటివారే గదా యని సమర్థింపబోగా, తెల్లవారైనను నల్లవారైనను వారు మన సోదరులే యని ముసలి భక్తురాలు గద్దించును. పనిపిల్లను వెడలగొట్టిన యామెయే! ఈ వ్యంగ్యము నిశితము; సంఘసంస్కారమును నోట జెప్పి యింట జేయని మనవారికిని తగులును. ఐనను రచయిత్రియు ఆ వాక్యముతోడనే తృప్తి నొంది, ఇరువదియొక్కరిని వదలి ముందుకు సాగినది. ఆ గ్రంథమునకు మొదట బెట్టిన పేరులో నల్లజాతివారిని హీనపఱచు పదముండెను. అమెరికాలో 1940 నాటికే పేరు మార్చిరి. బ్రిటనులో మాత్రము 1980 దశకము వఱకు నది నిలిచినది. డెవన్ ద్వీపమున కడుగడుగునను వర్ణన గలదు. నిజముగా దూరమైన ఆఫ్రికాకు ఒక్క పుటయైనను లేదు.

ఈ లోపము నెఱిగిన పిదప డెన్మార్కు రచయిత పీటర్ హోయెగ్ 1992లో ప్రకటించిన స్మిల్లా నవలను జదువవలయును. కోపెన్‌హేగన్ నగరమున ఆఱేండ్ల గ్రీన్‌లాండు బాలుడు ఇంటి కప్పుపైనుండి పడి చనిపోవును. ఆడుకొనుచు జారిపడెనని పోలీసులు వ్రాసికొందురు. పొరుగింటి స్త్రీ స్మిల్లా దాని నొప్పుకొనదు. ఆమె తల్లి గ్రీన్‌లాండు వేటగత్తె, తండ్రి డెన్మార్కు వైద్యుడు. కప్పుమీది మంచులో బాలుని యడుగుజాడలను జూచి, ఇవి యాటలాడువాని యడుగులు గావని ఆమె గ్రహించును. ఆ బాలునకు ఎత్తన్న భయమనియు నామె యెఱుగును. అధికారులకు మంచు కేవలము తెలుపు. ఆమెకు అది లిపి.

ఇచ్చట దూరదేశము ఉద్దీపనముగా నిలిచిపోలేదు. గ్రీన్‌లాండు రాజధానీనగరమునకే వచ్చి, ఒక పిల్లవాని మరణరూపమున న్యాయ మడుగుచున్నది. ఆ దేశము 1953 వఱకు డెన్మార్కునకు వలసరాజ్యము. 1979లో గృహపాలనమును, 2009లో అంతకంటె విస్తృతమైన స్వపరిపాలనమును బొందినది. వలసపాలనమున జీవనము మాఱిన జనులు నగరమున నెట్లు బ్రదుకుచున్నారో, వారి పిల్లల మృతి కచేరీలలో నెట్లు త్వరగా ముగింపబడునో ఈ కథ చూపును. దేశజ్ఞానమే యిచ్చట పరిశోధనకు సాధనము. అపరాధకథకు 1929లో పది నియమములు వ్రాసిన రోనాల్డ్ నాక్స్, పరిశోధకునకు దొరకిన యాధారములను చదువరికి దాచరాదనెను. మంచు నెఱుగని చదువరికి హోయెగ్ మంచును నేర్పుచు ఆ న్యాయమును జెల్లించినాడు.

గ్రంథము నిర్దోష మని మే మనము. కథ ఓడయెక్కి గ్రీన్‌లాండు దాపున నొక కల్పితద్వీపమునకు జేరిన పిదప పట్టు సడలును. ఉల్కయు, సూక్ష్మక్రిములును, దుష్టుల కుట్రయు ముందునకు వచ్చి, బాలుడు వెనుకకు బోవును. మొదటి పుటలలో నడుగుజాడ చేసిన పనిని కడపటి పుటలలో అద్భుతవస్తువులన్నియు గూడి చేయజాలకపోయెను. దేశమును వాస్తవముగా జూపినంతవఱకు గ్రంథము బలముగా నున్నది. వింతగా జూపబోయిన చోటనే క్షీణించినది.

మూడవది, ఆన్ క్లీవ్స్ 2006లో వ్రాసిన ‘రేవన్ బ్లాక్’. స్కాట్లండునకు ఉత్తరమున నున్న షెట్లండు ద్వీపములు దీని స్థలము. అచ్చటి జనసంఖ్య యిరువదిమూడు వేలకు దరిదాపు. రచయిత్రి 1970 దశకమున ఆ ప్రాంతమునందలి ఫెయిర్ ద్వీపమున పక్షిపరిశీలనశాలలో వంటపని చేసినది. వంటయింటినుండి చూచినవారికి ఊరు బాగుగ దెలియును. కథలో నొక బాలిక మంచులో శవమై కనబడును. ఊరు వెంటనే మాగ్నస్ టెయిట్ అను నొంటరి ముసలివాని వైపు చూచును. అతడు మందబుద్ధి, మాట తడబడువాడు. వెనుక నొక బాలిక కనబడకపోయినప్పుడును అనుమానము మోసినవాడు. పరిశోధకుడు పెరెజ్ ఆ ద్వీపముల బిడ్డ. బయటినుండి వచ్చిన యధికారి త్వరపడిన చోట నితడు నిదానించును.

ఈ కథయందు తుపాను లేదు, తెగిన పడవ లేదు. ద్వీపములోపల మఱియొక ద్వీపమున్నది. అది మాగ్నస్ గుమ్మము. పొరుగువా రెవ్వరును ద్రొక్కని యా గడప, పెట్టెలో దాచిన తిండితో నతిథులకై యెదురుచూచు నా వృద్ధుడు - దూరమనగా నిది యని రచయిత్రి మెల్లగా దెలిపినది. ఇరువదియొక్కరిని పేరులేక విడిచిన క్రిస్టీకిని ఈమెకును గల భేద మిదియే.

వినోదమునకు వ్రాసిన పుస్తకముపై నింత భార మేల యని యడుగువా రుందురు. క్రిస్టీ కల్పనాచాతుర్యమునకు మేము చేతులు జోడింతుము; ఆ ద్వీపకథవంటి బిగువైన కూర్పు మిగిలిన రెంటను లేదు. కాని హత్యాకథకు మూలసూత్రమే యొక మనుష్యుని ప్రాణము విచారింపదగినదని. విచారణ లేక యొక్క చావును గడవరాదను పట్టుదలయే యీ జాతి కథకు జీవము. ఆ సూత్రము నగరవాసులకు జెల్లి, మంచుసీమవారికిని అడవివారికిని చెల్లదన్నచో, కథ తన న్యాయమును తానే తప్పినదగును. ఇది నీతిబోధ గాదు, శిల్పదోషముగనే చెప్పుచున్నాము.

కావున తలిదండ్రులకు మా మనవి యొక్కటి. పిల్లల చేతినుండి యీ పుస్తకములను లాగికొనకుడు, మీరును చదువుడు. చదివిన రాత్రి భోజనమువేళ హంతకుని పేరు చెప్పుమని వారి నడుగనక్కఱలేదు. దానిని వారే చెప్పుదురు. చనిపోయినవారి పేర్లు చెప్పుమనుడు. ఆ నేలమీద బుట్టిపెరిగినవా రెవరైన కథలో మాటలాడిరా, వారి తెలివి దేనికైన బనికివచ్చెనా యని యడుగుడు. స్మిల్లా చదివిన పిల్లవాడు అడుగుజాడల సంగతి చెప్పును. క్రిస్టీని జదివిన పిల్లవాడు ఇరువదియొక్కరి కడ నాగిపోవును. అప్పుడు మీరు వానితో గూర్చుండి, వారి పేర్లేల లేవో మాటలాడవచ్చును.