చెట్టు కింద నాలుగు దొన్నెలు

తునికీ పాయకరావుపేటకీ మధ్య తాండవ నది ఒక్కటే అడ్డం. ఆ నది పాయ వెంట పెంటకోట వైపు, సముద్రం దాకా వెళ్తే ఇసుక నేలల్లో తాటిచెట్లు కనిపిస్తాయి. చలి తగ్గుముఖం పట్టిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా అక్కడ కల్లుగీత సాగుతుంది. కల్లు అనగానే చాలామందికి పులుపూ మత్తూ గుర్తొస్తాయి. దానికి ముందే, తెల్లారగట్ల రెండు మూడు గంటలపాటు మాత్రమే దొరికే తీపికల్లు ఒకటుంది. నలుగురు స్నేహితులు కూర్చుని ఒక చెట్టు రసాన్ని ఇంకో చెట్టు రసంతో, ఆరు గంటల రుచిని తొమ్మిది గంటల రుచితో పోల్చి చూసుకోదగ్గ పానీయం అది. మన దగ్గర ఈ అలవాటు పెద్దగా లేదు. ఉండాలని నా కోరిక.

బయటి దేశాల్లో తియ్యటి వైన్ల విషయంలో ఇది ఎప్పుడో స్థిరపడిపోయింది. హంగరీలోని టోకాయ్ ద్రాక్షసీమకు 1737లోనే రాజశాసనంతో హద్దులు గీశారు. ఫ్రాన్సులో 1855 నాటి వర్గీకరణలో సోటెర్న్ ప్రాంతపు తియ్యటి వైన్లలో షాటో డికెమ్‌ను మిగతావాటికి పైమెట్టు మీద కూర్చోబెట్టారు. భోజనం ముగిశాక చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు పోసుకుని, ఏది తేనె, ఏది ఎండు ఖర్జూరం, దేనిలో పులుపు తీపిని నిలబెడుతోందో మాట్లాడుకుంటారు. తయారీ పద్ధతులు వేరైనా అందరి చిక్కూ ఒకటే. ఈస్ట్ చక్కెరను తినేసి మద్యంగా మారుస్తుంది; తీపి మిగలాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. టోకాయ్, సోటెర్న్‌లలో ఒక రకం బూజు పట్టి ముడుచుకుపోయిన ద్రాక్ష వాడతారు. అందులో చక్కెర మరీ చిక్కగా ఉండి ఈస్ట్ చివరిదాకా తినలేదు. పోర్చుగల్‌లో పోర్ట్ వైన్ చేసేవాళ్ళు సగం పులిసిన రసంలో ద్రాక్ష సారా పోసి ఈస్ట్ పని ముగిస్తారు. జర్మన్లు తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షను పిండుతారు. నీరు మంచుగా వెనక ఉండిపోయి చిక్కటి రసం బయటికొస్తుంది. మన గీత కార్మికుల చేతిలో ఉన్నవి సున్నమూ, సమయమూ.

ముందు గీత సంగతి చూడాలి, ఎందుకంటే రుచి అక్కడే మొదలవుతుంది. పోతుతాడికి వేళ్ళలా పొడుగ్గా సాగే పూగెలలు వస్తాయి. నడుముకు మోకు, కాళ్ళకు బంధం వేసుకుని చెట్టెక్కిన మనిషి ఆ గెలలను కర్ర పట్టుతో కొద్దికొద్దిగా నొక్కి మెత్తబరుస్తాడు. ఈ పని రోజుల తరబడి సాగుతుంది. గట్టిగా నొక్కితే గెల చచ్చిపోతుంది, చాలకపోతే రసం దిగదు. తర్వాత వాటిని కలిపి కట్టి, కొసను కాగితమంత పలచగా చెక్కి కింద కుండ కడతాడు. పొద్దునా సాయంత్రమూ ఎక్కి మళ్ళీ పలచటి చెక్కు తీయాలి. కోత ఎండిపోతే రసం ఆగిపోతుంది. చెక్కు మందంగా తీస్తే గెల తొందరగా అయిపోయి, ఆ చెట్టు కాలం కుదించుకుపోతుంది. పండుతాళ్ళను కూడా గీస్తారు. అక్కడ ముంజలు ముదరకముందే కాయల గెల మీద పని మొదలవ్వాలి.

కుండ కట్టిన క్షణం నుంచే పులియడం మొదలు. గాలిలో, కుండ గోడల్లో, కోత మీద ఉన్న ఈస్టూ బాక్టీరియా రసంలోకి దిగుతాయి. కుండ లోపల సున్నం పూస్తే రసానికి క్షారగుణం వచ్చి అవి ఎదగలేవు. అలా దింపినదే నీరా. తాటిబెల్లం కాచేది కూడా సున్నపు కుండలో దింపిన రసంతోనే. ఈ పూతలో కొలత చేతి అలవాటుతో వచ్చేదే తప్ప చెంచాలతో వచ్చేది కాదు. తక్కువైతే తెల్లారేసరికి పులుపు తగులుతుంది. ఎక్కువైతే నాలుక మీద జారుడుగా, సబ్బునీళ్ళలా ఉంటుంది. నా మట్టుకు, మంచి చేతిని గుర్తుపట్టడానికి ఇదే మొదటి పరీక్ష: తాగాక సున్నం తెలియకూడదు.

తాజా తాటి రసంలో చక్కెర దాదాపు నూటికి పది, పన్నెండు పాళ్ళు. అంటే లీటరుకు 100 నుంచి 120 గ్రాములు. టోకాయ్ ఆసూ అనే పేరు పెట్టుకోవాలంటే ఆ వైన్‌లో లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర మిగిలి ఉండాలని ఇప్పటి నియమం. తీపిలో రెండూ దగ్గర దగ్గరే. కానీ టోకాయ్‌లో ద్రాక్ష పులుపు బలంగా ఉండి తీపిని మొహం మొత్తనివ్వదు. సున్నపు కుండ రసంలో పులుపే ఉండదు. అందుకే నీరా మొదటి దొన్నె అద్భుతంగా ఉండి, రెండోదానికి చాలనిపిస్తుంది. సున్నం వెయ్యని కుండను తెల్లవారుజామున దింపితే కథ వేరు. రాత్రి చల్లదనం పులియడాన్ని నెమ్మది చేసి ఉంటుంది. చక్కెర కొంత తగ్గి, లాక్టిక్ ఆమ్లపు సన్నటి పులుపు చేరి, నాలుక మీద బుడగలు చిటపటమంటాయి. తీపీ పులుపూ సమంగా తూగే ఆ గంటే నాకు అన్నిటికంటే ఇష్టం. ఎండ పైకొచ్చాక ఆ తూకం నిలవదు. మధ్యాహ్నానికి తీపి చాలావరకు పోయి మద్యం నూటికి నాలుగైదు పాళ్ళకు చేరుతుంది. ఇంకా ఉంచితే వెనిగర్ దారి పడుతుంది.

పోల్చి చూడాలంటే ఒకసారికి ఒక్క తేడానే పెట్టుకోవాలి. ఒకే చెట్టు రసాన్ని వేర్వేరు గంటల్లో చూడండి, లేదా ఒకే గంటకు దింపిన వేర్వేరు చెట్ల రసాలను పక్కపక్కన పెట్టుకోండి. రెండూ కలిపితే ఏ రుచి దేనివల్ల వచ్చిందో తేలదు. తాటాకు దొన్నెలో నాలుగు గుక్కలకు మించి పోసుకోవద్దు. మధ్యలో మంచినీళ్ళు, ఉప్పు కారం లేని మరమరాలు చాలు. పెంటకోట ఎండుచేపలు గొప్పవే గానీ వాటి పని పులిసిన కల్లు దగ్గర. తీపికల్లు పక్కన పెడితే నాలుక చేపదే అయిపోతుంది. వైన్ల వాళ్ళు తక్కువ తీపి నుంచి ఎక్కువ తీపికి వెళ్తారు. చెట్లను పోల్చేటప్పుడు అదే మంచిది. గంటలను పోల్చేటప్పుడు మాత్రం పొద్దు వెంటే పోవాలి, వేరే దారి లేదు. ఎవరికేం అనిపించిందో గుక్క మింగిన వెంటనే చెప్పుకోండి, ఎందుకంటే దొన్నెలో ఉన్నది మీరు మాట్లాడుతుండగానే మారిపోతూ ఉంటుంది.

తాడితో ఆగక్కర్లేదు. ఈతచెట్టుకు గెల కాదు, మొవ్వు దగ్గర కాండాన్నే ఒకవైపు చెక్కుతారు. ఈత రసం చలికాలంలో బాగుంటుంది, తాటి రసం కంటే పలచన, వాసన సున్నితం. జీలుగు కావాలంటే నర్సీపట్నం దాటి చింతపల్లి కొండలెక్కాలి. ఒక్క జీలుగు చెట్టే బాగా దిగే రోజుల్లో బిందెలకు బిందెలు ఇస్తుంది. కొండ చలిలో ఉదయాన దింపిన జీలుగు కల్లులో తీపి మైదానంలో కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. దాన్ని పాయకరావుపేటకు తెచ్చి పోల్చాలనుకుంటే మాత్రం అన్యాయమే, దారిలోనే అది వేరే పానీయం అయిపోతుంది.

రెండు జాగ్రత్తలు. కుండ మూతికి వల గానీ ఆకు గానీ కప్పారో లేదో చూడండి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు ముట్టిన ఈత రసం వల్ల నిపా వైరస్ మనుషులకు సోకిన సంగతి పరిశోధకులు తేల్చారు. రెండోది, ఎక్కడెక్కడో తిరిగొచ్చిన కల్లు వద్దు. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు కలిపిన కల్లుతో ప్రాణాలు పోయిన ఘటనలు మన తెలుగు నేల మీదే ఉన్నాయి. కళ్ళ ముందు చెట్టు దిగిన కుండ ఒక్కటే నమ్మదగింది.

హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీద ఏళ్ళుగా పని జరుగుతోంది. ఇవన్నీ కావలసినవే. అయితే రసం సీసాలోకి ఎక్కితే ఏ చెట్టు, ఏ చెయ్యి, ఏ గంట అన్న ఆనవాలు పోతుంది. ఆ ఆనవాలు మిగలాలంటే గీసే మనిషి మిగలాలి. ఇటు పాయకరావుపేట పక్కనే నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. గేటు లోపల నెలజీతం ఉంటే, రోజుకు రెండుసార్లు అరవై అడుగులు ఎక్కమని ఎవరి కొడుకునీ అడగలేం. తాటి టెంక నాటితే గీతకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్ళు పడుతుంది, కాబట్టి ఉన్న తోపుల మీదే ఆధారపడాలి.

అందుకే తీపికల్లుకు పులిసిన దానికంటే ఎక్కువ ధర ఉండాలంటాను. తీపి నిలపడానికి కుండలు కడిగి ఆరబెట్టాలి, సున్నం సరిగ్గా పుయ్యాలి, చీకటుండగానే చెట్టెక్కి దిగాలి. దింపాక గంటల్లో అమ్ముడుపోకపోతే ఆ శ్రమంతా పులుపు ధరకే పోతుంది. ముందురోజు సాయంత్రమే గీసే మనిషికి కబురు చేసి, ఏ చెట్టు కుండ కావాలో చెప్పి, సగం డబ్బులు అప్పుడే చేతిలో పెట్టండి. నలుగురు పంచుకుంటే మనకది పెద్ద ఖర్చు కాదు. ఆయన మాత్రం ఆ రాత్రి మీ కోసం ఒక కుండకు సున్నం పూసి, ఇంకో కుండను ఉత్తగా కడతాడు.