మంట ఒకవైపు, చన్నీళ్లు ఒకవైపు

మూత బిగించిన రేకు డబ్బా. అడుగున చిన్న మంట, మూత మీద చన్నీళ్లు. లోపల ఒక డొల్ల ముక్క వదులుగా పైకీ కిందికీ కదులుతుంటుంది. దాన్ని డిస్‌ప్లేసర్ అంటారు. అది పైకి లేస్తే డబ్బాలోని గాలి మంట వైపు దిగి ఉబ్బుతుంది. కిందికి దిగితే గాలి చన్నీళ్ల వైపు చేరి ముడుచుకుంటుంది. ఉబ్బినప్పుడు మూతకు కట్టిన రబ్బరు పొరను తోస్తుంది, ముడుచుకున్నప్పుడు లాక్కుంటుంది. ఆ కదలికతో క్రాంకు తిరుగుతుంది, తిరిగే క్రాంకే డిస్‌ప్లేసర్‌ను మళ్లీ లేపుతుంది. స్టిర్లింగ్ ఇంజన్ అంటే ఇంతే. వాల్వులు లేవు, స్పార్క్ ప్లగ్గు లేదు, లోపల పేలుడు లేదు.

రాబర్ట్ స్టిర్లింగ్ అనే స్కాట్లాండు పాస్టరు 1816లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. రెండేళ్లకు ఒక రాతి క్వారీలో నీళ్లు తోడటానికి పెట్టారు. ఆయన, తమ్ముడు జేమ్స్ కలిసి మెరుగుపరిచిన పెద్ద ఇంజన్ 1843 నుంచి డండీలోని ఫౌండ్రీని నడిపింది. కానీ మంట తగిలే సిలిండర్ మాటిమాటికీ పాడయ్యేది. ఆ వేడికి ఓర్చుకునే లోహం అప్పట్లో లేదు. కొన్నేళ్లకే అక్కడ మళ్లీ ఆవిరి ఇంజన్ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో హాలండు ఫిలిప్స్ కంపెనీ కరెంటు లేని చోట్ల రేడియోలు నడపడానికి దీన్ని బయటికి తీసింది. ఇంతలో ట్రాన్సిస్టర్ వచ్చి, రేడియోకు చిన్న బ్యాటరీ చాలునంది. మన దేశంలోనూ కిరోసిన్ దీపం సెగతో తిరిగే ఫ్యాన్లు ఒకప్పుడు వాడారు, అవీ ఈ జాతివే. ఇప్పుడు స్వీడన్ గోట్‌లాండ్ తరగతి జలాంతర్గాములు నీటి అడుగున దీనితోనే కరెంటు చేసుకుంటున్నాయి.

జనగామలోనో మహబూబాబాద్‌లోనో దీన్ని చేయాలనుకునేవాళ్లు సామాను కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. పాత సామాన్ల దుకాణంలో రేకు డబ్బా, సైకిల్ షాపులో స్పోకులు, కిరాణా కొట్టులో బెలూను, చక్రానికి ఇంట్లో పడున్న రెండు సీడీలు, అతికించడానికి కొంచెం ఎం-సీల్. కూల్‌డ్రింక్ డబ్బా సులువుగా కత్తిరించుకోవచ్చు గానీ అది అల్యూమినియం. వేడిని అడుగు నుంచి పైకి చకచకా మోసేస్తుంది, కాసేపటికి పైభాగమూ కాలిపోతుంది. రెండు కొసలూ ఒకే వేడికి వచ్చాయంటే ఇంజన్ ఆగిపోయినట్టే. పల్చటి ఇనుప రేకు నయం.

డిస్‌ప్లేసర్ ఎత్తు డబ్బాలో మూడింట రెండు వంతులుంటే బాగుంటుంది. చుట్టూ గాలి జారడానికి రెండు మిల్లీమీటర్ల సందు చాలు. సందు ఎక్కువైతే గాలి గోడలను రాసుకోకుండానే జారిపోతుంది, వేడి ఎక్కదు, దిగదు. తక్కువైతే ముక్క గోడకు రాసుకుని ఆగుతుంది. దానికి కట్టిన స్పోకు మూతలోని బెజ్జం గుండా బయటికి రావాలి. అసలు తిప్పలన్నీ ఈ బెజ్జం దగ్గరే. వదులైతే గాలి కారుతుంది, బిగువైతే స్పోకు కదలదు. రేకుకు బెజ్జం పెట్టి వదిలేయకుండా, స్పోకు జారేంత ఇత్తడి గొట్టం ముక్కను అక్కడ అతికించాలి. గొట్టం పొడుగ్గా ఉంటే వదులు కొంచెం ఉన్నా గాలి అంతగా కారదు. ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే మిగిలిన సందూ మూసుకుంటుంది. క్రాంకు మీద రెండు వంపులుంటాయి, ఒకటి డిస్‌ప్లేసర్‌కు, ఇంకొకటి రబ్బరు పొరకు. డిస్‌ప్లేసర్ వంపు రెండో దానికంటే పావు చుట్టు ముందుండాలి.

రేకుతో ఇంత పని అంటే జనగామ పక్కనున్న పెంబర్తి గుర్తుకు రాకుండా ఉండదు. అక్కడి విశ్వకర్మల చేతిలో ఇత్తడి రేకు కాకతీయుల కాలం నుంచి గుడి రథాలకు తొడుగు అయింది, నిజాం కాలంలో పాన్‌దాన్ అయింది. సుత్తి దెబ్బలు తినేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. మళ్లీ కాల్చి మెత్తబరచకుండా కొట్టుకుంటూ పోతే చిట్లుతుంది. ఇంజన్ మూత చేసుకునేవాళ్లకూ ఈ తెలివి కావాలి. ఇత్తడి ఇనుముకంటే సుమారు రెట్టింపు వేడిని మోస్తుంది కాబట్టి నీళ్లు పోసే పైమూతకు అది మేలు. అందం కోసం పక్క గోడకు కూడా ఇత్తడి వాడితే మాత్రం పప్పులో కాలేసినట్టే.

జోడించడం ఒక పూట పని, తిరిగేలా చేయడం వేరే పని. సైన్స్ ఫెయిర్లలో చాలామంది ఇక్కడే విసిగి, చక్రాన్ని వేలితో తిప్పి చూపించి సర్దుకుంటారు. తిరగకపోతే మంట పెంచడం అందరూ చేసేదే, దానివల్ల ఎం-సీల్ కాలడం తప్ప లాభం ఉండదు. ముందు క్రాంకు విప్పేయండి. మంట పెట్టి, స్పోకును చేత్తో పైకీ కిందికీ లాగండి. ప్రతి లాగుడుకూ బెలూను పొర ఉబ్బి, తగ్గాలి. ఉబ్బకపోతే ఎక్కడో కారుతోంది, సబ్బునీళ్లు పూస్తే బుడగ వచ్చిన చోటే దొంగ దొరుకుతాడు. ఉబ్బుతున్నా ఇంజన్ తిరగకపోతే రాపిడి ఎక్కువుందన్నమాట. క్రాంకును మళ్లీ బిగించి, మంట లేకుండా, పొర తగిలించకుండా సీడీ చక్రాన్ని ఒక్క తోపు తోయండి. అది చాలాసేపు తిరిగి, అటూ ఇటూ ఊగి, మెల్లగా ఆగాలి. టక్కున ఆగిందంటే క్రాంకు ఎక్కడో వంకర. రెండూ బాగుండీ తిరగకపోతే, పొర కదిలే దూరం తగ్గించి చూడండి. కొత్తవాళ్లు ఆశకొద్దీ దాన్ని ఎక్కువ పెడతారు.

ఈ ఓపికకు ఉదాహరణ జనగామ రైలు దారిలోనే ఉంది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి చీరలకు ఆసు పోసీ పోసీ (నేతకు ముందు నూలును చేత్తో మేకులకు చుట్టే పని) భుజం నొప్పితో బాధపడటం చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టాడు. చేతిలో డబ్బున్నప్పుడు ఒక భాగం, లేనప్పుడు ఆగడం. ఒక కదలిక కుదరక ఏళ్లు గడిచాయి. హైదరాబాద్‌లో కూలి పనికి వెళ్లిన చోట ఒక యంత్రంలో అలాంటి కదలికే కంటపడింది. 1999కి లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. మల్లేశానిది స్టిర్లింగ్ ఇంజన్ కాదు. కానీ దారి ఇదే: మొత్తం యంత్రాన్ని ఒకేసారి తిట్టుకోకుండా, మొరాయిస్తున్న ఒక్క కదలికను పట్టుకోవడం.

మరి ఈ డబ్బా ఇంజన్‌తో ఇంట్లో బల్బు వెలుగుతుందా? వెలగదు. ఒక వాట్ కూడా రాదు. అయినా భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రానికి, దీనికి లెక్క ఒకటే. ఫ్రాన్సులో సాది కార్నో 1824లో చెప్పిన లెక్క అది: ఎంత వేడి ఉందన్నది ఒక్కటే కాదు, వేడికీ చల్లదనానికీ తేడా ఎంతన్నదీ చూడాలి. డబ్బా అడుగు 300 డిగ్రీలు, పైన చలికాలపు నీళ్లు 20 డిగ్రీలు అయితే వేడిలో 49 శాతం దాకా పనిగా మార్చవచ్చు. మే నెలలో నీళ్లు 40 డిగ్రీలకు చేరితే ఆ హద్దు 45కు దిగుతుంది. మన డబ్బా ఆ హద్దు దరిదాపులకు రాదు, అది వేరే సంగతి. చెల్పూరులో బొగ్గుతో పాటు నీళ్లు, కూలింగ్ టవర్లు ఎందుకని అడిగే పిల్లకు డబ్బా మీది నీళ్లు వంపేసి చూపిస్తే చాలు. కాసేపటికి చక్రం ఆగిపోతుంది.

ఇంతకంటే పెద్ద ఆశ ఊక మీద. బయట ఏ మంట పెట్టినా ఒప్పుకునే ఇంజన్, రైస్ మిల్లుల దగ్గర కుప్పలుగా ఊక: జోడీ బాగానే కుదిరినట్టు కనిపిస్తుంది. 1980లలో మద్రాసులో ఒక సంస్థ ఊకతో నడిచే ఐదు హార్స్‌పవర్ ఇంజన్ తయారుచేసింది కూడా. డీజిల్ పంపుసెట్టును అది దింపలేకపోయింది. అంతే బలం కోసం చాలా బరువైన ఇంజన్ కావాలి. ఊకలో ఐదో వంతు దాకా బూడిదే, అందులో దాదాపు అంతా సిలికా. అది ఇంజన్‌కు మంట తగిలే భాగం మీద పేరుకుంటే వేడి లోపలికి దిగదు. ఊక పొయ్యి మీద దీన్ని ప్రయత్నించేవాళ్లు ఇంజన్ కంటే ముందు, ఆ భాగాన్ని సులువుగా గీకి శుభ్రం చేసుకునే ఏర్పాటు ఆలోచించుకోవాలి.